కాలవగట్టు నుంచి ఘాటు రోడ్డు దాకా

గోదావరి డెల్టాలో సైకిలు లేని ఊరు ఉండదు. పాలక్యాన్లు సైకిలు మీదే వెళతాయి. అరటిగెలలు, కొబ్బరికాయలు సైకిలు మీదే వెళతాయి. గడ్డిమోపు, చేపలబుట్ట, బడికెళ్లే పిల్ల, అన్నీ ఆ రెండు చక్రాల మీదే.

కాలవగట్టు మీద సైకిలు తొక్కితే ఒంటికి పెద్ద శ్రమ ఉండదు. ఇక్కడ నేల చదును. గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు మట్టి ఇది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కణ్ణించి కాలవలు బయలుదేరి చేలకు నీరు పారిస్తూ సముద్రం వైపు పోతాయి. ఆ నీళ్లు ఎంత నిదానంగా పారతాయో మీకు తెలుసు. అంటే నేల వాలు అంత కొంచెం అన్నమాట. ఆ వాలు కంటికి కనపడదు. సైకిలు తొక్కే కాలికీ తెలియదు.

మరి అదే సైకిలు మీద కొండ ఎక్కాలంటే?

"కొండెక్కడానికి బస్సుంది కదమ్మా, సైకిలెందుకు?" అని ఏ పెద్దమ్మయినా అడగొచ్చు. అడగాల్సిన మాటే. కొందరు సరదాకి ఎక్కుతారు. కొందరు పందేనికి ఎక్కుతారు. బస్సు రాని ఊళ్లకు పనిమీద పోయేవాళ్లు తప్పక ఎక్కుతారు. "నువ్వు ఎక్కలేవు" అని ఎవరో అన్నందుకు ఎక్కేవాళ్లూ ఉన్నారు. అలాంటి వాళ్ల సంగతి కూడా ఈ పాఠంలో ఉంది. ముందు మన దగ్గరి కొండదారి చూద్దాం.

మన్యం దారి

రాజమండ్రి నుంచి ఉత్తరంగా బయలుదేరితే ముందు కోరుకొండ వస్తుంది. నరసింహస్వామి కొండ దూరం నుంచే కనపడుతుంది. తర్వాత గోకవరం. ఇక్కడిదాకా దారి మామూలే. గోకవరం దాటాక చెట్లు దగ్గర పడతాయి. రోడ్డు అలలా లేస్తూ పడుతూ పోతుంది. తర్వాత రంపచోడవరం. గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసు ఉన్న ఊరు ఇది. అది దాటితే భూపతిపాలెం జలాశయం, ఆ పైన మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు.

అసలు ఘాటు రోడ్డు మారేడుమిల్లి దాటాక మొదలవుతుంది. రోడ్డు పాములా మెలికలు తిరుగుతుంది. ఒక పక్క కొండ గోడ. రెండో పక్క లోయ. మధ్యలో సోకులేరు వాగు. అలా ఎక్కి, దిగి, చివరకు శబరి నది ఒడ్డున చింతూరు చేరుతుంది. అక్కణ్ణించి భద్రాచలం పోవచ్చు. ఈ కొండల్లో కొండరెడ్లు, కోయలు ఉంటారు. మారేడుమిల్లి ఒకప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది.

జిల్లాకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. రోడ్డుకూ ఆ పేరుకూ సంబంధం ఉంది. సుమారు వందేళ్ల కిందట తెల్లదొరల కాలంలో గూడెం కొండల్లో ఘాటు రోడ్లు వేయించారు. గిరిజనులను బలవంతంగా పనికి తెచ్చారు. కూలి సరిగ్గా ఇవ్వలేదు. అడవిలో పోడు కొట్టుకోవద్దన్నారు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటయింది. ఇప్పుడు హాయిగా సైకిలు తొక్కుకుంటూ పోయే కొండదారుల వెనక ఇలాంటి చెమట చాలా ఉంది.

తూర్పు కనుమలు అనే మాట మీరు వినే ఉంటారు. కనుమ అంటే కొండల మధ్య దారి. రెండు శిఖరాల మధ్య కాస్త పల్లంగా ఉన్న చోటు చూసుకుని మనుషులు దాటేవాళ్లు. అదే కనుమ. దాన్నే ఇంగ్లీషు వాళ్లు ఘాటు అన్నారు. ఘాటు అనేది ఉత్తరాది మాట.

రాజమండ్రి, కాకినాడ నుంచి సరదాగా సైకిళ్ల మీద మారేడుమిల్లి వెళ్లేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. తెల్లారకముందే బయలుదేరతారు. చలికాలం మంచిది. ఎండలు ముదిరాక ఈ పని పెట్టుకోకూడదు. వానాకాలంలో రోడ్డు జారుతుంది, కొండచరియలు కూడా పడతాయి.

బరువు తగ్గదు, విడతలు పెరుగుతాయి

కొండ ఎక్కేటప్పుడు ఎందుకంత ఆయాసం? ఒక చిన్న లెక్క చేద్దాం. పలక తీసుకోండి.

మామూలు సైకిలుకు పెడళ్ల దగ్గర ఒక పెద్ద పళ్ల చక్రం ఉంటుంది. దానికి 44 పళ్లు అనుకుందాం. వెనక చక్రానికి చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దానికి 18 పళ్లు. రెంటినీ చైను కలుపుతుంది. పెడలు ఒకసారి తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది. సైకిలు అయిదు మీటర్లకు పైనే ముందుకు పోతుంది. లెక్కకు అయిదనుకుందాం.

ఇప్పుడు రోడ్డు ఎత్తుగా ఉంది. వంద మీటర్లు ముందుకు పోతే ఏడు మీటర్లు పైకి లేస్తుంది. ఘాటు రోడ్డులో ఇలాంటి వాలు మామూలే. అప్పుడు అయిదు మీటర్లు ముందుకు పోతే ఎంత పైకి లేస్తాం? 35 సెంటీమీటర్లు. ముప్పాతిక మూర.

తొక్కే మనిషి 50 కిలోలు. సైకిలు 20 కిలోలు. మొత్తం 70. దాదాపు ఒక ధాన్యం బస్తా. అంటే పెడలు తిరిగిన ప్రతిసారీ ఒక బస్తాను ముప్పాతిక మూర ఎత్తు లేపినట్టే. ఒకసారి కాదు, వందసార్లు కాదు. పది కిలోమీటర్లు ఎక్కితే రెండు వేల సార్లు! అందుకే పదిసార్లు తొక్కేసరికి గుండె దడదడలాడుతుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. కళ్లంలో బస్తా ధాన్యం ఒక్కరే మోసుకురాలేరనుకోండి. ఏం చేస్తారు? తట్టల్లో పోసి నాలుగు విడతలుగా తెస్తారు. ధాన్యం అంతే. నడక మాత్రం ఎక్కువ. గేరు సైకిలు చేసేది ఇదే పని. దానికి వెనక చాలా పళ్ల చక్రాలు, చిన్నవీ పెద్దవీ, వరసగా ఉంటాయి. చదునులో చిన్న చక్రం మీద చైను నడుస్తుంది. ఎత్తు రాగానే మీట నొక్కితే చైను పెద్ద చక్రం మీదకు ఎక్కుతుంది. ముందు 24 పళ్లు, వెనక 32 పళ్లు అయ్యాయనుకోండి. పెడలు ఒకసారి తిరిగితే వెనక చక్రం ముప్పాతిక చుట్టే తిరుగుతుంది. సైకిలు ఒకటిన్నర మీటరే పోతుంది. పైకి లేచేది బెత్తెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాలికి తేలిక. కానీ పది కిలోమీటర్లకు రెండు వేల సార్లు కాదు, ఆరు వేల ఆరు వందల సార్లకు పైగా తొక్కాలి.

బరువు తగ్గదు. విడతలు పెరుగుతాయి. గేరు అంటే ఇంతే. దుకాణంలో ఎంత గొప్పగా చెప్పినా ఇంతకు మించి అందులో మాయ లేదు.

ఘాటులో గేరు సైకిలు మీద ఎక్కేవాళ్లు గంటకు ఆరు, ఏడు కిలోమీటర్లు పోతారు. చురుగ్గా నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ. గేరు లేని బారు సైకిలయితే ఎత్తు దగ్గర దిగి నెట్టుకుంటూ నడవడమే మేలు. అందులో తప్పు లేదు. ఎంత పేరున్న వాళ్లయినా ఒక్కోచోట దిగి నెట్టినవాళ్లే.

దిగడంలోనే ప్రమాదం

ఎక్కడం కష్టం, దిగడం సుఖం అనుకుంటాం. ఒంటికి అది నిజమే. ప్రాణానికి మాత్రం తలకిందులు. ఎక్కేటప్పుడు అలసిపోతే ఆగొచ్చు. దిగేటప్పుడు ఆగడమే పెద్ద పని.

పెడలు తొక్కకుండానే సైకిలు వేగం అందుకుంటుంది. గాలి చెవుల్లో హోరుమంటుంది. చూస్తూ ఉండగానే గంటకు నలభై, యాభై కిలోమీటర్ల వేగం వచ్చేస్తుంది. అంతలో మలుపు. మలుపు అవతల లారీ. భయపడి ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కారనుకోండి. ముందు చక్రం ఆగిపోతుంది, మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతారు.

మరి వదలకుండా బ్రేకు పట్టుకునే దిగితే? అదీ ముప్పే. రెండు అరచేతులు గట్టిగా రుద్దుకుని చూడండి. వేడెక్కాయి కదా. బ్రేకు రబ్బరు రిమ్మును రుద్దినప్పుడు అదే జరుగుతుంది. కిలోమీటర్ల కొద్దీ అలా రుద్దితే రిమ్ము చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి గాలి ఉబ్బుతుంది. ట్యూబు పేలిపోవచ్చు. దిగుడులో టైరు పేలితే సైకిలు చేతిలో ఉండదు.

అందుకని తెలిసినవాళ్లు వేగం పెరగకముందే, మలుపు రాకముందే, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కుతారు. వదులుతారు. మళ్లీ నొక్కుతారు. వదిలినప్పుడు గాలి తగిలి రిమ్ము చల్లబడుతుంది. వాన పడి రిమ్ము తడిస్తే బ్రేకు వెంటనే పట్టదు. అప్పుడు ఇంకా ముందుగా నొక్కాలి. మలుపులో ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండాలి. బెల్లు కొట్టాలి. ఇరుకు ఘాటులో ఎక్కే బండికే దారి ముందు. దిగే బండి ఆగాలి. ఈ నియమం లారీకైనా ఒకటే, సైకిలుకైనా ఒకటే. చీకట్లో దిగకూడదు. చలికాలం పొద్దున్నే పొగమంచు ఉంటే, అది విడేదాకా టీకొట్టు దగ్గర కూర్చోవడమే తెలివి.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బ్రేకు రబ్బర్లు అరిగాయా? తీగలు తెగేటట్టున్నాయా? చక్రం ఊగుతోందా? ఊచలు వదులయ్యాయా? ఇవి చూడ్డానికి పది నిమిషాలు చాలు. పంచరు సామాను, గాలి పంపు వెంట ఉండాలి. అడవిలో పంచరు వేసే కొట్టు ఉండదు.

ఆడవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కొంగు, చున్నీ, పరికిణీ అంచు. ఇవి చైనులోనో ఊచల్లోనో చిక్కుకుంటే చదును రోడ్డు మీదే పడిపోతారు. ఇక దిగుడులో చెప్పేదేముంది? కొంగు నడుముకు బిగించి దోపాలి. చున్నీ వెనక్కి ముడెయ్యాలి. చైనుకు గార్డు, వెనక చక్రానికి చీర గార్డు ఉండాలి. పిల్లలను వెనక కూర్చోబెడితే వాళ్ల కాళ్లు ఊచల్లోకి పోకుండా కూడా ఆ గార్డు కాపాడుతుంది. ఈ సంగతి కొండకే కాదు, అమలాపురం సంతకు వెళ్లేటప్పుడూ పనికొస్తుంది.

చెమట, ఉప్పు, ఆకలి

కొండ ఎక్కేవాళ్లకు చెమట ధారగా కారుతుంది. చెమటతో నీళ్లొక్కటే పోవు, ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లే తాగుతుంటే ఒళ్లు నీరసిస్తుంది. పిక్కలు పట్టేస్తాయి. దానికి మందు మన వంటింట్లోనే ఉంది. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లు. అందులో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి. విరేచనాలయితే పిల్లలకు తాగించే నీళ్లు ఇవే. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగా మంచిదే.

తిండి కూడా అంతే ముఖ్యం. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోతుంది. ఒంట్లో సత్తువ ఒక్కసారి దిగిపోతుంది. కళ్లు తిరుగుతాయి. అందుకే గంటకొకసారి కొంచెం కొంచెం తినాలి. అరటిపండు, బెల్లంముక్క, వేరుశనగ ఉండ. ఖరీదైన పొట్లాలు అక్కర్లేదు. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ పేరుపడ్డ వంటకం. అది మాత్రం కొండ దిగాక తినాలి. ఎక్కేముందు కడుపునిండా తింటే కాలు కదలదు.

మన్యంలో రాత్రి పడుకోవలసి వస్తే దోమతెర మరిచిపోకూడదు. అక్కడ మలేరియా పాత శత్రువు. తిరిగొచ్చాక చలి జ్వరం వస్తే ఊరికే మాత్ర మింగి ఊరుకోకుండా రక్తం పరీక్ష చేయించుకోవాలి.

కర్ర కట్టిన సైకిలు

ఇప్పుడు ఒక దూరదేశపు ఆడమనిషి సంగతి. ఆమె పేరు అల్ఫొన్సీనా స్ట్రాడా. ఊరు ఇటలీ దేశంలో ఉంది. ఆమె 1891లో పుట్టింది. అమ్మానాన్నలు పొలం పనుల మీద బతికే బీదవాళ్లు. ఇంటినిండా పిల్లలు.

ఆమెకు పదేళ్లప్పుడు తండ్రి ఒక పాత సైకిలు తెచ్చాడు. డబ్బులిచ్చి కొనలేదు. కోళ్లు ఇచ్చి మార్చుకున్నాడు. ఆ సైకిలు ఈ పిల్ల చేతికి చిక్కింది. ఇక దిగితే ఒట్టు. ఆదివారం గుడికి వెళుతున్నానని ఇంట్లో చెప్పి సైకిలు పందేలకు పోయేదట. ఊరివాళ్లు నవ్వారు. లంగా కట్టిన దెయ్యం అని పేరు పెట్టారు. 1915లో ఆమెకు పెళ్లయింది. పెళ్లికి భర్త ఇచ్చిన కానుక ఏమిటో తెలుసా? పందెపు సైకిలు. అలాంటి మొగుడు ఆ రోజుల్లో ఆ దేశంలో కూడా అరుదే.

ఇటలీలో ఏటా ఒక పెద్ద సైకిలు పందెం జరుగుతుంది. దేశమంతా తిరగాలి. మధ్యలో కొండలు దాటాలి. అది మగవాళ్ల పందెం. 1924లో అల్ఫొన్సీనా అందులో దిగింది. ఆ ఏడు పందెం దూరం 3,613 కిలోమీటర్లు. 12 అంచెలు. ఒక్కొక్క అంచె సగటున మూడు వందల కిలోమీటర్లు ఉండేది. మూడు వందలంటే రాజమండ్రి నుంచి విజయవాడ వెళ్లి తిరిగి వచ్చేసినట్టే, ఒకే రోజులో. అప్పుడు తారు రోడ్లు తక్కువ. దుమ్ము, రాళ్లు, వాన పడితే బురద. సైకిలుకు ఇప్పటిలాంటి గేర్లు లేవు.

ఎనిమిదో అంచెలో గాలివాన పట్టుకుంది. కొండదారి. ఆమె పడింది, లేచింది, మళ్లీ పడింది. చివరకు సైకిలు హ్యాండిలే విరిగిపోయింది. విరిగిన హ్యాండిలుతో కొండ ఎలా దిగుతారు? పందెం అక్కడితో అయిపోవలసిందే. దారి పక్క ఊళ్లో ఒక రైతుకుటుంబపు ఆడమనిషి ఆమెకు చీపురుకర్ర ఇచ్చింది. ఆ కర్రను విరిగిన హ్యాండిలుకు కట్టుకుని అల్ఫొన్సీనా మళ్లీ ఎక్కింది. అంచె పూర్తి చేసింది. కానీ గడువు దాటిపోయింది.

గడువు దాటితే పందెంలోంచి తీసెయ్యాలి. తీసేశారు కూడా. అయితే పందెం పెట్టినవాళ్లు ఒక మాటన్నారు. లెక్కలోకి రావు గాని, కావాలంటే తొక్కుకుంటూ రావచ్చు అన్నారు. జనం ఆమెను చూడ్డానికే రోడ్ల మీదకు వస్తున్నారు మరి. ఆమె తొక్కింది. చివరిదాకా తొక్కింది. మొదట్లో 90 మంది బయలుదేరారు. వాళ్లలో అరవై మంది దాకా మగవాళ్లు మధ్యలోనే మానేశారు. అల్ఫొన్సీనా మిలాన్ నగరం చేరింది. ఆ తర్వాత ఏళ్లలో ఆమెను ఆ పందెంలోకి రానివ్వలేదు.

చీపురుకర్ర ఇచ్చిన ఆ ఆడమనిషి పేరు మాత్రం పుస్తకాల్లోకి ఎక్కలేదు.

అన్నం ఉడకని చోటు

మన దేశంలో సైకిలు మీద పోయే కొండదారుల్లో అన్నిటికంటే కష్టమైనవి హిమాలయాల్లో ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి అనే ఊరుంది. లడఖ్‌లో లేహ్ అనే ఊరుంది. రెంటి మధ్య దారి 400 కిలోమీటర్లకు పైనే. ఈ దారిలో లా అనే మాట పదే పదే వినపడుతుంది. లా అంటే అక్కడి భాషలో కనుమ. రోహ్‌తాంగ్ లా, బరాలాచా లా, లాచుంగ్ లా, టంగ్‌లాంగ్ లా. టంగ్‌లాంగ్ లా ఎత్తు 5,300 మీటర్లకు పైమాటే. మన కోనసీమ కొబ్బరిచెట్టు ఇరవై మీటర్లుంటుందనుకుంటే, చెట్టు మీద చెట్టు చొప్పున 265 చెట్లు నిలబెట్టాలి. ఒకచోట కొండ ఎక్కడానికి 21 మెలికలు వరసగా తిరగాలి.

ఈ దారి ఏడాదంతా ఉండదు. మంచు కప్పేస్తుంది. ఎండాకాలం మంచు తీసాక కొన్ని నెలలే తెరుస్తారు. 2020లో రోహ్‌తాంగ్ కింద నుంచి తొమ్మిది కిలోమీటర్ల సొరంగం తెరిచారు. బండ్లకు ఆ ఒక్క కనుమ బాధ తప్పింది. మిగతావి అలాగే ఉన్నాయి. సైకిలు మీద వెళ్లేవాళ్లకు ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది.

అంత ఎత్తులో చలి ఒక్కటే కాదు కష్టం. గాలి పల్చన. గుండెలనిండా పీల్చినా, మన ఊళ్లో అందే ప్రాణవాయువులో దాదాపు సగమే అందుతుంది. నాలుగు అడుగులకే ఆయాసం. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం. లెక్కచేయకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం పోవచ్చు. అందుకే ఎంత గట్టివాళ్లయినా ముందు ఒకటి రెండు రోజులు ఊరికే కూర్చుని ఒంటిని అలవాటు చేసుకుంటారు. తలనొప్పి, వాంతులు ముదిరితే అన్నిటికంటే మంచి మందు వెంటనే కిందికి దిగిపోవడం. ఇక్కడ పట్టుదల పనికిరాదు.

ఇంకో విచిత్రం. అక్కడ నీళ్లు త్వరగా మరుగుతాయి, కానీ అన్నం ఉడకదు! మన ఊళ్లో నీళ్లు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ గనక సుమారు 85 డిగ్రీలకే తెర్లిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. ఆ వేడికి బియ్యం పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడివాళ్లు కుక్కరు పెట్టి వండుతారు. మూత బిగిస్తే ఆవిరి లోపలే ఒత్తుకుని నీళ్లు ఇంకా వేడెక్కుతాయి.

ఇలాంటి దారిలో హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా సైకిలు తొక్కాడు. మనాలి నుంచి ఖర్దుంగ్ లా అనే మరో పెద్ద కనుమ దాకా వెళ్లాడు. ఆయనకు ఒక కాలు లేదు. రోడ్డు ప్రమాదంలో పోయింది. 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల్లో, వికలాంగుల సైకిలు పందేల్లో, రెండు వెండి పతకాలు గెలిచాడు. తర్వాత ఒక సంస్థ పెట్టి తనలాంటి వాళ్లకు సైకిలు నేర్పిస్తున్నాడు. ఒక కాలితో తొక్కాలంటే ఎలా? పెడలును కిందికి నొక్కడమూ ఆ కాలే, పైకి లాగడమూ ఆ కాలే. అందుకని పాదాన్ని పెడలుకు బిగించుకుంటారు.

బిహార్ నుంచి సవితా మహతో అనే అమ్మాయి 2022లో లడఖ్‌లోని ఉమ్లింగ్ లా దాకా సైకిలు మీద వెళ్లింది. అది 19 వేల అడుగుల పైన ఉంటుంది. అంతకంటే ఎత్తయిన బండిదారి అప్పటికి ప్రపంచంలో లేదు. ఆమె తండ్రి చేపలమ్మి పిల్లలను పెంచాడు.

ఒంటరిగా వచ్చిన అమ్మాయి

మధ్యప్రదేశ్‌కు చెందిన ఆశా మాళవీయ 2022 నవంబరు 1న భోపాల్‌లో సైకిలెక్కింది. తోడు ఎవరూ లేరు. దేశమంతా తిరగాలని బయలుదేరింది. "ఆడపిల్ల ఈ దేశంలో ఒంటరిగా తిరగగలదు" అని చూపించడం ఆమె ఉద్దేశం. 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ఆమెను పిలిపించి మాట్లాడి, పది లక్షల రూపాయలు ప్రకటించారు. ఆ ఏడే ఆమె ఇరవై వేల కిలోమీటర్లు దాటి యాత్ర పూర్తి చేసింది.

ఇవన్నీ గొప్పవాళ్ల సంగతులు, మనకెందుకు అనిపించవచ్చు. అయితే అక్షరాల కేంద్రంలో కూర్చున్న ఆడవాళ్లు సైకిలెక్కిన కథ ఒకటి ఉంది.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. బీద జిల్లా. అక్కడ 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. షీలారాణి చుంకత్ అనే ఆమె అప్పుడు కలెక్టరు. చదువు చెప్పే ఆడవాళ్లు ఊరూరూ తిరగాలి. బస్సుల్లేవు. నడిస్తే పొద్దుగూకుతుంది. మగవాళ్లు తీసుకెళితేనే కదలడం. దాంతో అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పాలని అనుకున్నారు. చదువు చెప్పేవాళ్లు నేర్చుకున్నారు. చదువుకునేవాళ్లూ నేర్చుకున్నారు. కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, పంచాయతీ ఉద్యోగులు, పెళ్లికాని పిల్లలు, ముగ్గురు బిడ్డల తల్లులు. ఒక లక్ష మందికి పైగా ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే బారు సైకిళ్లే కొన్నారు. బారు ముందు పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు, అదే మేలు అన్నారు కొందరు.

మొదట్లో మాటలు పడలేదా? పడ్డారు. దారిలో వెటకారాలు, ఇంట్లో గొడవలు. అయినా మానలేదు. ఎందుకంటే లాభం కళ్లకు కనపడింది. కూరలు, గింజలు అమ్ముకునేవాళ్లు బస్సు కోసం పడిగాపులు పడకుండా రెండు ఊళ్లు ఎక్కువ తిరగగలిగారు. నీళ్లబిందెలు సైకిలు మీద వచ్చాయి. పొద్దున మిగిలిన గంట సేపు చదువుకో, నిద్రకో పనికొచ్చింది.

మన రాష్ట్రంలో కూడా ప్రభుత్వం "బడికొస్తా" పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. అయిదో తరగతితో ఆగిపోయే పిల్ల పదో తరగతి దాకా పోవాలంటే పక్క ఊరి బడి దూరం తగ్గాలి. దూరం తగ్గించలేం. దూరం దాటే సాధనం ఇవ్వగలం.

పెద్దయ్యాక సైకిలు నేర్చుకోవడం చాలామంది అనుకున్నంత కష్టమేమీ కాదు. సీటు కిందికి దించి, రెండు పాదాలూ నేలకు ఆనేటట్టు పెట్టుకోవాలి. మొదటి రెండు రోజులు పెడలు జోలికి పోకుండా, నేలను కాళ్లతో నెట్టుకుంటూ జారడం నేర్చుకోవాలి. నిలకడ వచ్చాకే పెడలు. చూపు ముందు చక్రం మీద కాదు, పది గజాల దూరంలో ఉండాలి. వెనక పట్టుకునేవాళ్లు సీటు పట్టుకోవాలి గాని హ్యాండిలు పట్టుకోకూడదు. నేర్చుకోవడానికి కాలవగట్టు కంటే ఊరి బడి ఆవరణ మంచిది. కాలవలో పడితే ఈత కూడా అప్పుడే నేర్చుకోవాల్సి వస్తుంది!

కేంద్రంలో మాట్లాడుకోండి

మీ ఊళ్లో సైకిలు తొక్కే ఆడవాళ్లు ఎంతమంది? ఎవరైనా నేర్చుకుని మానేశారా, ఎందుకు మానేశారు?

మీ ఇంటి నుంచి రేషన్ దుకాణానికి, ఆసుపత్రికి, హైస్కూలుకు ఎంత దూరం? నడిస్తే ఎంతసేపు, సైకిలయితే ఎంతసేపు? పలక మీద రాయండి.

ఒకామె ఘాటు రోడ్డులో గంటకు 6 కిలోమీటర్ల చొప్పున 12 కిలోమీటర్లు ఎక్కింది. అదే దారిని గంటకు 24 కిలోమీటర్ల చొప్పున దిగింది. ఎక్కడానికి ఎంతసేపు పట్టింది? దిగడానికి ఎంతసేపు పట్టింది?

విరిగిన హ్యాండిలుకు కర్ర కట్టుకుని అల్ఫొన్సీనా కొండ దిగింది. అప్పటికే ఆమెకు గడువు దాటిపోయేలా ఉంది. అక్కడ మీరుంటే ఆమెకు ఏమని చెప్పేవారు?